చాయ్ తాగాక కప్పు కూడా తినండి

సామ్యూల్ గారి పళ్లసెట్టు నా ఇంట్లో, నా చేతిమీదుగా, నా బలవంతం మీద రెండు ముక్కలైంది. ఆ ఘోరం ఎలా జరిగిందో దాచకుండా చెప్పేస్తాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ వేడి టీ తాగుతూ మాత్రం చదవకండి, పొలమారుతుంది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఉద్యోగం కోసం కాకినాడ నుంచి సికింద్రాబాద్ వచ్చి, లాలాగూడలో ఒక గది అద్దెకు తీసుకుని పది నెలలైంది. ఆ పది నెలల్లో నాతో క్రమం తప్పకుండా మాట్లాడింది రైల్వేస్టేషన్లో మైకు ఒక్కటే. అదీ రైలు ఆలస్యమని చెప్పడానికి. ఆఫీసులో అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్లతో కాపురం చేసేవాళ్లు. ఆదివారం చర్చికి వెళ్తే "వందనాలు బ్రదర్" అని చెయ్యి కలిపి, ఆ చెయ్యి వెచ్చబడకముందే వెళ్లిపోయేవాళ్లు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టు, చర్చి నిండా బ్రదర్లే, ఇంటికి రమ్మనే బ్రదర్ లేడు. తప్పంతా వాళ్లదే అనను. నేను మాత్రం ఎవరినైనా నోరు తెరిచి పిలిచిన పాపాన పోయానా? సాయంత్రం గదికొచ్చి ఒక్కడికి సరిపడా బియ్యం కడుగుతుంటే ఒక్కోరోజు ఏడుపొచ్చేది. అదేమిటో, బియ్యం కడిగేటప్పుడే వచ్చేది.

అలాంటి రోజుల్లో రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడమీది కొట్టు నా కంటబడింది. చేసినవాళ్లకు న్యాయమైన కూలి ముట్టాలి, నేలకు హాని జరగకూడదు, చూడ్డానికి మహా స్టైలుగా ఉండాలి: ఇదీ అక్కడి సరుకు. కొట్టు నడిపే వసుధ గారికి యాభై ఏళ్లుంటాయి. ఆవిడ ఏ వస్తువునూ ఊరికే అమ్మరు. ముందు దాని కథ చెబుతారు.

"ఇగో, ఈ దువ్వెన చూడండి. వేప చెక్కది. దీన్ని చేసేటాయన ఉన్నడే, జెర కోపిష్టి. పళ్లు సమంగ రాకుంటే ఆ పూట అన్నం సుత తినడు."

ఒక మనిషి నా మొహంలోకి చూస్తూ పది నిమిషాలు మాట్లాడింది! దువ్వెన కొనేశాను. తర్వాతి శనివారం వెదురు టూత్‌బ్రష్ కథ విన్నాను. ఆపైన చాపల కథ, కొబ్బరిచిప్ప గరిటెల కథ. నాలుగు నెలలు తిరిగేసరికి నా గదిలో పదకొండు టూత్‌బ్రష్‌లు, నాలుగు చాపలు పోగయ్యాయి. తోముకునే నోరూ, పడుకునే వీపూ మాత్రం ఒక్కటొక్కటే.

"మీ ఇంట్ల చానమంది ఉన్నట్టున్నరు కద సార్?" అని ఆవిడ ఒకసారి అడిగారు.

"ఆఁ, వస్తూ పోతూ ఉంటారండీ," అన్నాను. బల్లులు నిజంగానే వస్తూ పోతూ ఉండేవి.

ఆ అబద్ధం వారమంతా ముల్లులా గుచ్చింది. మా చర్చిలో ప్రతి గురువారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. రెండు పాటలు, కాసేపు ప్రార్థన, ఆ తర్వాత టీ. ఆ ఆదివారం పాస్టరు గారు "ఈ గురువారం ఎవరింట్లో?" అనగానే నన్నడక్కుండా నా చెయ్యి పైకి లేచింది. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూసి, "మీ పేరేంటి బ్రదర్?" అన్నారు. పది నెలల తర్వాత!

సరే, మొత్తానికి ఆరుగురు వస్తామన్నారు. ఒకసారి వస్తే మళ్లీ మళ్లీ రావాలనిపించాలి, అదీ నా ఆశ. పరుగున వసుధ గారి కొట్టుకు వెళ్లాను. ఆవిడ బల్లమీద రెండు రకాల కప్పులు పెట్టి కథ షురూ చేశారు.

"ఇవి రాగిపిండివి సార్. చాయ్ తాగినంక కప్పు సుత తినేయొచ్చు. ఇగ ఇవేమో వడ్ల ఊకతోటి చేసినయి..."

ఆవిడ చెబుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను, గొంతును మాత్రమే. మనసు అప్పటికే గురువారంలో ఉంది. పాస్టరు గారిని ఏ చాపమీద కూర్చోబెట్టాలి, నాకు పాడటం రాదని తెలిసిపోతుందేమో, ఇవీ నా బాధలు. రెండు రకాలూ గోధుమరంగే. అందంగా ఉన్న ఏడు కప్పులు చూపించి "ఇవివ్వండి" అన్నాను. అడుగున అంటించిన చీటీ చదివితే ఈ కథే లేదు.

గురువారం రానే వచ్చింది. పాస్టరు గారు, సామ్యూల్ గారు, ఆయన భార్య సుజ్ఞానమ్మ గారు, ఇంకో ముగ్గురు. సామ్యూల్ గారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, లాలాగూడలోనే పుట్టి పెరిగినవారు. ప్రార్థన ముగిసింది. టీ పోసి అందరికీ అందించి, వసుధ గారి ఫక్కీలో గొంతు సవరించుకున్నాను.

"ఈ కప్పులకో కథ ఉందండీ. చాయ్ తాగాక కప్పు కూడా తినేయొచ్చు. చెత్తన్నదే మిగలదు!"

సామ్యూల్ గారు టీ పూర్తిచేసి, కప్పును గోటితో కొట్టారు. టంగుమంది.

"ఏందయ్యా గిది? బతుకంత ఇనుముతోని పనిచేసిన. గిది సుత గట్లనే మోగుతున్నది?"

"పైకి గట్టిగా ఉంటుందంకుల్. లోపల మెత్తన." ఇది నా సొంత కవిత్వం.

"ఊరుకోండి, పిల్లాడు ముచ్చటపడి పెట్టాడు," అని సుజ్ఞానమ్మ గారు కసిరారు.

"పెట్టినవాళ్ల మనసు నొప్పించకూడదు," అంటూ పాస్టరు గారు కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్లారు.

మన మొహమాటం సంగతి మీకు తెలియంది కాదు. పెట్టింది తినకపోతే పెట్టినవాడు చిన్నబుచ్చుకుంటాడని రాయైనా నములుతాం. ఏడు కప్పులు ఒక్కసారిగా లేచాయి. కంకర మీద ఎడ్లబండి వెళ్లినట్టు చప్పుడు. పాస్టరు గారి కళ్లలో నీళ్లు, పెదవుల మీద మాత్రం చిరునవ్వు. ఒకావిడ తన కప్పును మెల్లిగా హ్యాండ్‌బ్యాగులోకి జార్చేశారు. నా దవడ అదిరిపోయింది. అయినా ఇంటివాణ్ణి కదా, "బాగుందా అండీ?" అన్నాను.

"బాగుంది బ్రదర్... కొంచెం టైం పట్టేలా ఉంది," అన్నారు పాస్టరు గారు.

అప్పుడు వినబడింది, కటుక్కున. సామ్యూల్ గారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. తీసేసరికి అరచేతిలో సగం పళ్లసెట్టు నా వైపు చూసి ఇకిలిస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను టీ పోస్తే ఉన్న పళ్లు ఊడాయి.

సుజ్ఞానమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని, కప్పు బోర్లించి చీటీ చదివారు.

"బాబూ, ఇది ఊకతో చేసిందంట, తినేది కాదు నాన్నా. కడిగి వాడుకోవాలంట. మూడేళ్లు మన్నుతుందని రాశారు."

సామ్యూల్ గారు మిగిలిన సగం పళ్లతోనే కేక పెట్టారు. "మూడేండ్లా? ఒక తుకడా మింగిన కదనే! గది మూడేండ్లు నా కడుపులనే ఉంటదా ఏందీ?"

పాస్టరు గారు కళ్లు మూసుకుని, ఈసారి జీర్ణశక్తి కోసం ఇంకో ప్రార్థన చేశారు. పది నిమిషాల్లో గది ఖాళీ. పళ్ల డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానంటే, సామ్యూల్ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపి మెట్లు దిగిపోయారు.

మిగిలిన కప్పులు కడిగాను. పంటిగాట్లు తప్ప వాటికేమీ కాలేదు. పరిచిన చాపలు మాత్రం ఎత్తబుద్ధి కాలేదు. ఎత్తేస్తే ఎవరూ రానట్టే ఉంటుంది కదా. రెండు రోజులు వాటి పక్కనుంచే నడిచాను. అంత ఒంటరితనం ఆ పది నెలల్లో ఎన్నడూ లేదు. ఎవరూ రాకపోవడం ఒక రకం, వచ్చినవాళ్లను నేనే తరిమేయడం ఇంకో రకం. రెండు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టాను. ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ కూడా రాసుకున్నాను. కారణం ఏమని రాయాలో తోచక ఆగిపోయాను.

ఆ తర్వాతి మంగళవారం సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. చూస్తే సామ్యూల్ గారు. నోట్లో కొత్త పళ్లు, చేతిలో గుడ్డసంచి.

"అంకుల్, నన్ను క్షమించండి, నేను..."

"జరుగు ముందుగాల, లోపలికి రానీ. చర్చికెందుకొస్తలేవు?"

"మొహం చెల్లక అంకుల్."

"పళ్లు పోయినోణ్ని నేనే తిరుగుతున్న. నీకేం పోయింది?"

పక్కకు జరిగాను. ఆయన చాపమీద కూర్చుని, సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసి నా ముందు పెట్టారు.

"చాయ్ పెట్టు. గ్లాసు నేనే తెచ్చుకున్న. నీ మీద భరోసా లేదు."

నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలియదు. రెండు గంటలు కూర్చున్నారు. వర్క్‌షాపు కబుర్లు, తన పెళ్లి కబుర్లు అన్నీ చెప్పారు. ఈసారి ఒక్క ముక్క పోనివ్వకుండా విన్నాను. వెళ్తుంటే గ్లాసు కడిగి తుడిచి అందించాను.

"నాకెందుకిస్తున్నవ్? రోజూ మోసుకొచ్చుడు నాతోని కాదు. ఈడనే ఉండనీ."

రోజూ అన్నారాయన. ఆయన మెట్లు దిగిపోయినా, చాలాసేపు ఆ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

తర్వాత లోపలికొచ్చి, ఆ గ్లాసు మీద కుడిచెయ్యి ఉంచి, దేవుడి ఎదుట ప్రమాణం చేశాను. బతికుండగా నా గడప తొక్కిన ఏ మనిషికీ పాత్రసామాను తినిపించను. తప్పనిసరై తినిపించాల్సి వస్తే, ముందు నేను తిని, మూడేళ్లు ఆగి, నాకేమీ కాకపోతేనే వడ్డిస్తాను.