పిడికెడు యూరియా

మిరప మొక్కలు నాకు అప్పగించే ముందు ఆంటీ రెండే ప్రశ్నలు అడిగారు. మీది వ్యవసాయం చేసే ఇల్లేనా అన్నది మొదటిది. అవునన్నాను. అయితే మొక్కల సంగతి నీకు చెప్పక్కర్లేదుగా అన్నది రెండోది. అస్సలు అక్కర్లేదన్నాను. ఆ రెండో జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మా నాన్నకు మూడెకరాల పత్తి చేను ఉన్న మాట నిజం. ఆ చేలో నేను ఒక్క పూట కూడా వంగి పని చేయలేదన్నదీ అంతే నిజం. చేతిలో పుస్తకం కనబడితే చాలు, ఇంట్లో నాకు ఎవరూ పని చెప్పేవాళ్లు కాదు. ఆ సుఖానికి బాగా అలవాటుపడి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ దాకా వచ్చాను.

తార్నాకలో ఆంటీవాళ్ల మేడమీద ఒక గదిలో అద్దెకుంటున్నాను. క్యాంపస్‌కు నడిచి వెళ్లొచ్చన్న ఒక్క కారణంతో తీసుకున్న గది. ఆంటీ రిటైరైన టీచరు, అంకుల్ రిటైరైన గుమాస్తా. పెళ్లయిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వచ్చేటప్పుడు ఆంటీ తన తల్లి ఇచ్చిన మిరప గింజలు వెంట తెచ్చుకున్నారు. పొట్టిగా, లావుగా, కొస దగ్గర కొంచెం వంకర తిరిగి ఉండే కాయ. అలాంటిది నేను ఏ బజార్లోనూ చూడలేదు. ఏటా డాబా మీద కుండీల్లో పెంచడం, పండిన కాయల్లోంచి మరుసటి ఏటికి గింజ తీసి దాచడం. నలభై ఏళ్లుగా ఆవిడ ఆ వరస తప్పలేదు. వాళ్ల ఊళ్లో ఇప్పుడు ఆ రకం వేసేవాళ్లే లేరట, పొలాలన్నీ ప్లాట్లయిపోయాయట.

పోయినేడాది ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లెక్కొద్దన్నారు. దాచిన గింజల్లో చాలా వాటికి పురుగు పట్టింది. బాగున్నవన్నీ ఏరి, కింద వాకిట్లోనే ఒక ట్రేలో నారు పోశారు. ఎనిమిది మొక్కలు దక్కాయి. సీసాలో ఒక్క గింజ మిగల్లేదు. "ఈ ఎనిమిదీ పోతే ఇక ఈ కాయ లేదమ్మా" అని నాకు విడమరిచి చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను.

జూన్‌లో ఎనిమిది మట్టి కుండీల్లో నాటాను. శ్లాబుకు చెమ్మ దిగుతుందని ఆంటీ పాత స్టీలు పళ్లేలు పంపితే, కుండీకొకటి చొప్పున అడుగున పెట్టాను. ఆ నెలలోనే ఊరెళ్లి నాన్న బస్తాలోంచి ఒక కవర్ నిండా యూరియా తెచ్చుకున్నాను. ఎంత వెయ్యాలని ఆయన్ని అడగలేదు. అడగడమేంటి, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా! కూలికొచ్చిన ఆడవాళ్లు తట్టలో చెయ్యి పెట్టి, మొక్క పక్కన వేసుకుంటూ పోతారు. వాళ్ల చేతిలో ఎంత ఉంటుందో గట్టు మీద కూర్చున్నదానికి కనబడదు.

మొదట చిటికెడే వేశాను. వారం తిరిగేసరికి ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడాయి. ఫొటోలు తీసి కింద ఆంటీకి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఫొటో పెద్దది చేసుకుని చూసి మురిసిపోయారు. చిటికెడుకే ఇంతుంటే పిడికెడుకు ఎంతుంటుందో అనుకున్నాను. ల్యాబులో ఒక్క మిల్లీగ్రాము తేడా వస్తే మొత్తం పారబోసి మళ్లీ తూచే మనిషిని, కుండీల దగ్గర మాత్రం పిడికిలే తక్కెడ చేసుకున్నాను.

నాలుగు రోజుల్లో ఆకుల కొసలు మాడిపోయాయి. తర్వాత మొక్కలు తలలు వేలేశాయి. వాడిపోతే దాహమనే కదా ఎవరైనా అనుకునేది? రోజూ పొద్దున పోసే ఒక చెంబును రెండు చేశాను. ఎంత పోస్తే అంత వాడిపోతున్నాయి. కింది ఆకులు పసుపెక్కాయి. మట్టి మీద సన్నటి నల్ల దోమలు లేవడం మొదలైంది. వంగి చూస్తే మురుగు వాసన. సాయంత్రం మెట్ల దగ్గర ఆంటీ రోజూ అడిగేవారు, మొక్కలు ఎలా ఉన్నాయమ్మా అని. బాగున్నాయాంటీ అనేదాన్ని. ఆ అబద్ధం ఆడలేక, ఆవిడ ప్రార్థనలో కూర్చునే వేళ చూసుకుని చెప్పులు చేత్తో పట్టుకుని పైకెళ్లడం నేర్చుకున్నాను.

ఒక మొక్క పూర్తిగా చచ్చిపోయింది. ఆ రోజే మిగిలిన ఏడింటిలో ఒక కుండీని రెండు చేతులతో ఎత్తుకుని క్యాంపస్‌కు బయల్దేరాను. మా డిపార్ట్‌మెంట్ వెనక చిన్న తోట ఉంది. దాన్ని చూసుకునే అక్క రోజూ వారాసిగూడ నుంచి వస్తుంది. నాలుగేళ్లుగా ఆమె పక్కనుంచే నడుస్తున్నాను గానీ ఒక్కసారి కూడా పలకరించలేదు. ఆవేళ మాత్రం నేరుగా ఎదురెళ్లి నిలబడ్డాను.

ఆమె ఆకుల వంక చూడనేలేదు. కుండీని నా చేతుల్లోంచి అందుకుని ఓసారి పైకి కిందికి ఎత్తి చూసింది.

"గిది కుండీనా బిడ్డా, నీళ్ల బాయా?" అంది.

మొక్కను మట్టితో సహా బయటికి తీసింది. వేర్లు గోధుమరంగుకు తిరిగి మెత్తగా ఉన్నాయి. ముక్కు చిట్లించి, "ఏమేసినవ్ దీనికి?" అని అడిగింది.

"యూరియా అక్కా."

"ఎంత?"

నేను పిడికిలి బిగించి చూపించాను. ఆమె నా పిడికిలి చూసింది, నా ముఖం చూసింది.

"ఏం చదువుతున్నవ్?"

"కెమిస్ట్రీ."

ఆమె నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది గానీ, కొంచెం సేపటికి నాకూ నవ్వొచ్చింది.

రోజూ రెండు చెంబులు పోస్తున్న సంగతీ, నా అసలు చిక్కూ ఆమెకు చెప్పుకున్నాను. యూరియా పోవాలంటే నీళ్లతో కడగాలి. ఆ నీళ్లకే వేర్లు కుళ్లుతున్నాయి. ఇక ఏం చేసేది?

"కడుగు, గానీ కుండీల కాదు. బకెట్ల" అంది అక్క. "మట్టంత దులుపు. ఏర్లు కడిగి, కుళ్లినయి కత్తెరతోని తీసెయ్. ఎర్రమట్టి, ఇసుక కలిపి కొత్తగ పెట్టు. నీడకు ఉంచు. కింద పళ్లెం గిళ్లెం పెట్టకు. ఏలు పెట్టి చూడు, రెండు కణుపుల దాక పొడిగుంటెనే నీళ్లు పొయ్యి. ఎరువు ముచ్చటే మర్చిపో. మాడిన ఆకు మల్ల పచ్చగ కాదు, దాని దిక్కు చూసి ఏడ్వకు. చిగురొస్తదా లేదా, గదే చూడు."

నేను లేవబోతుంటే మళ్లీ పిలిచింది. "బిడ్డా, రెండు చెంబులకు గింత పచ్చి ఉండది. ఇంకెవలో పోస్తున్నరు."

ఎవరూ లేరన్నాను. ఉన్నరు, పోయి చూడు అంది.

మిట్టమధ్యాహ్నం ఇంటికి ఎన్నడూ రాని నేను ఆవేళ వచ్చాను. డాబా మీద అంకుల్, చేతిలో బియ్యం కడిగిన నీళ్ల గిన్నె. నన్ను చూసి గిన్నె వెనక్కి దాచుకోబోయి సగం లుంగీ మీద పోసుకున్నారు.

"మీ ఆంటీకి చెప్పకమ్మాయ్" అన్నారు గుసగుసగా. "నన్ను ఇటు రావద్దంది. నీకు చదువు ఒత్తిడి ఎక్కువై మొక్కల్ని మర్చిపోతున్నావేమో అనుకున్నాను. వాడిపోయి కనబడితే ప్రాణం ఒప్పలేదు. నీకు మాట రాకూడదని రోజూ కాసిని..."

బియ్యం నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, ఒకసారి మిగిలిపోయిన మజ్జిగ కూడా పోశారట. పైన వాన, పొద్దున నేను, మధ్యాహ్నం ఆయన, అడుగున పళ్లేల నిండా నిలిచిన నీళ్లు. నేను యూరియా సంగతి చెప్పాను. ఆయన గిన్నె గోడవారన పెట్టి, కిందికెళ్లి కత్తెర తెచ్చారు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం బకెట్ ముందేసుకుని కూర్చున్నాం. మొక్కను ఆయన పట్టుకుంటే నేను వేర్లు కడిగి కత్తిరించాను. రెండింటికి వేర్లే లేవు, పట్టుకుంటే చేతికి గుజ్జుగా వచ్చేశాయి. ఐదు మొక్కలు కొత్త మట్టిలోకి వెళ్లాయి. ఆయన ఒక్క కాడ కూడా విరగనివ్వలేదు. ఆ ఇంట్లో నేను అంత ఇష్టంగా గడిపిన పూట అంతకుముందు లేదు. ల్యాబుకు ఎగనామం పెట్టానన్న దిగులు కూడా కలగలేదు.

తర్వాత పని ఏమీ లేదు, అదే కష్టం. పోయకుండా ఉండాలి. అంకుల్ డాబా మీదికొస్తే నాకు వినబడేలా ఖాళీ చేతులతో చప్పట్లు కొట్టేవారు. నేను కుండీ ఎత్తి బరువు చూసి, వేలు పెట్టి చూసి, చెంబు ముట్టుకోకుండా తిరిగొచ్చేదాన్ని. ఒకరికొకరం కాపలా. ఐదింటిలో రెండు ఎండిపోయాయి. మూడు మాత్రం చావకుండా, బతక్కుండా అలాగే నిలబడ్డాయి.

పన్నెండో రోజు పొద్దున, ఒక దాని కణుపు దగ్గర గోరంత చిగురు కనబడింది. నేను అంకుల్‌ను పిలిచిన కేక ఎంత పెద్దదంటే, కింద ఆంటీ ఉలిక్కిపడి, ఏమైంది, ఎవరు పడ్డారు అని మెట్ల దగ్గరికి వచ్చేశారు. ఇద్దరం కిందికి దిగాం. అంకుల్ నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. ఇక దాచడానికి నాకు ఓపిక లేదు.

"యూరియా నేనే ఎక్కువేసిన ఆంటీ. నీళ్లు కూడ. ఐదు చచ్చిపోయినయి. ఇన్నొద్దులు మీతోని అబద్ధం చెప్పిన."

"నీళ్లు నేనూ పోశాను" అన్నారు అంకుల్ నా వెనక నుంచి.

ఆంటీ కుర్చీలో కూర్చున్నారు. తిడితే బాగుండుననిపించింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇక్కడికొచ్చిన మొదటి ఏడు నేను మొత్తం చంపేశానమ్మా, ఒక్కటీ మిగల్లేదు. అమ్మకు ఉత్తరం రాస్తే కవరులో మళ్లీ గింజలు పెట్టి పంపింది. ఒక్క మాట అనలేదు." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ఇప్పుడు పోతే ఎవరికి రాయను? అదే నా భయం."

మూడు మొక్కలూ బతుకుతాయని మాటివ్వడానికి నాకు నోరు రాలేదు. పైకి వెళ్లి మళ్లీ కుండీల బరువు చూసి వచ్చాను.

బతికాయి. చలికాలం మొదలయ్యేసరికి మూడూ కాయలు కాశాయి, మూడింటిలో ఒకటి కొంచెం కుంటిదే అయినా. మొదటి కాయలు ఎర్రగా పండాక కోసి కిందికి తీసుకెళ్లాను. ఆంటీ న్యూస్‌పేపర్ పరిచి, కాయలు చీల్చి గింజలు ఆరబెట్టారు. వారం తర్వాత గింజలు సగం సీసాలో పోశారు, సగం కాగితంలో పొట్లం కట్టి నా ముందు పెట్టారు.

"నాకొద్దాంటీ, నా చేతికియ్యకండి" అన్నాను భయపడి.

"మరెవరికి ఇవ్వను? ఈ మొక్క దేనికి చస్తుందో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?" అన్నారు. నవ్వుతున్నారో లేదో నాకు అర్థం కాలేదు. "మీ ఊళ్లో మీ నాన్న చేత వేయించు. నువ్వూ వెయ్యి. నా దగ్గర ఎప్పుడైనా పోతే, కాసిని గింజలు పంపమని రాయడానికి నాకొకరు ఉండాలి కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. పొట్లం రెండు చేతులతో తీసుకుని, పంపుతానాంటీ అన్నాను.