ఒంటెకిచ్చిన వేషం

మా ఇంటి దేవుడి మీద, నా రెండు కళ్ళ మీద, నెత్తిన ఇంకా మిగిలిన జుట్టు మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

తొంభైల్లో నేను కతార్‌లో ఒక కట్టడాల కంపెనీకి స్టోర్‌కీపర్‌ని. మెసైమీర్ యార్డు నుంచి అల్ షహానియా అవతలి సైటుకు రోజూ మంచినీళ్ళూ ఐసు దిమ్మలూ పికప్పులో వెళ్ళేవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సైటులో సామాను చూసుకునే పనుండి నేనూ ఎక్కాను. డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. జోడీ డ్రైవరుకు జ్వరమొస్తే రాత్రి డ్యూటీ చేసి, తెల్లారాక మళ్ళీ స్టీరింగు పట్టాడు. ఊరు దాటేసరికి అతని రెప్పలు వాలుతున్నాయి.

"కాసేపు ఆపుదామయ్యా" అన్నాను.

"ఆపితే ఐసు నీళ్ళయితది సార్. ఆడ మనోళ్ళు నోరెండి కూసున్నరు. ఏదన్న కత చెప్పుండ్రి, నేను ఊ కొడ్త."

నాకు బండి నడపడం రాదు. కథలు వచ్చు.

కథకు ముగ్గురుంటే చాలని నా నమ్మకం. ఏదో కావలసినవాడొకడు, అడ్డుపడేవాడొకడు, తోడు వెళ్ళేవాడొకడు. తల్లికి మందు తేవడానికి రాకుమారుణ్ణి బయల్దేరదీశాను. ఆ వేషం మనసులో నాకే ఇచ్చుకున్నాను. వాడు ప్రతాపం చూపించేకొద్దీ డ్రైవరు 'ఊ' సన్నబడింది. రాక్షసుణ్ణి దించాను. 'ఊ' ముక్కులోకి పోయింది. టైరు రోడ్డంచు దిగి కంకర మీద కరకరలాడింది. గబగబా రథం తోలేవాణ్ణి ముందుకు తెచ్చాను.

"వానికి నిద్రొస్తలేదా సార్?" డ్రైవరు నిటారుగా కూర్చున్నాడు.

"ఎందుకు రాదు? రాత్రంతా తోలుతూనే ఉన్నాడు."

"మరి రాజకొడుకు ఒక్కపారన్న పగ్గాలు పట్టొచ్చు గద."

"వాడికి రాదయ్యా."

"నేర్సుకోవద్దా?"

వినిపించనట్టు కథ నడిపాను. కష్టం తీరిందంటే వినేవాడు నిద్రపోతాడు. అందుకని తీరనివ్వలేదు. రథం ఇరుసు విరగ్గొట్టాను, వాగు పొంగించాను. డ్రైవరు పళ్ళు బిగించి ఊ కొడుతున్నాడు. షహానియా దగ్గరకొచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా ఒంటె. మామూలు ఒంటె కాదు, దాని కాళ్ళ సందున మా పికప్పు దూరిపోతుంది. పక్కన దాని పిల్ల. డ్రైవరు స్టీరింగు తిప్పాడు. బండి రోడ్డు దిగి రాతిదిమ్మకు గుద్దుకుంది. బంపరు లోపలికి పోయింది, ఐసు ఇసుక పాలైంది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. నీళ్ళ డబ్బాల్ని వెనకొచ్చిన లారీలో సైటుకు పంపాం.

అసలు భయం అప్పుడు మొదలైంది. నిద్రలో గుద్దాడని తేలితే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. అతనొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు.

సూపర్‌వైజరు హైదరాబాదు ఆయన. "ఒంటె ఎటు పోయింది సాబ్?" అని అడిగాడు.

"ఎడారిలోకి."

"పెద్దదా?"

"చాలా."

"మీరు చెప్పేటివన్నీ పెద్దగనే ఉంటయి."

నన్ను బయటికి పంపి డ్రైవర్ని పిలిచాడు. తలుపు ఓరగా ఉంది. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే పని అయిపోయినట్టే. గోడకు ఆనుకుని చెవి పెట్టాను. సూపర్‌వైజరు నేను చెప్పిందాన్నే ముక్కలు చేసి అడుగుతున్నాడు.

"ఒంటె అడ్డమొచ్చింది?"

"ఊ."

"ఎంబడి పిల్ల ఉండె?"

"ఊ."

"నువ్వు మెలకువగనే ఉన్నవ్?"

చెవిని తలుపు సందుకు ఇంకా దగ్గరగా జరిపాను.

"ఊ."

"పో, బండి షెడ్డుల పెట్టు. యల్లా."

అతని ఉద్యోగం నిలిచింది. కాని ఒట్టు వేశాను కనుక చెప్పేయాలి. ఒంటె లేదు, పిల్ల అసలే లేదు. అడ్డుపడేవాడి వేషం డ్రైవరు మీద పడకూడదని ఒంటెను పట్టుకొచ్చాను. ఇరుసు విరగ్గొట్టడం, వాగు పొంగించడం కూడా ఇప్పుడు కల్పించినవే. కథ అంతదాకా పోలేదు. రథం తోలేవాడికి నిద్రొస్తోందని చెబుతూ చెబుతూ నేనే తల వాల్చేశాను. కళ్ళు తెరిచేసరికి బండి రాతిదిమ్మకు గుద్దుకుని ఉంది. ఆ సాయంత్రం షెడ్డులో, వంగిన బంపరు తడుముతూ, డ్రైవరు నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను ఊ కొడ్తనే ఉన్న సార్. మీరే చెప్పుడు బంద్ చేసిండ్రు."