చాచా నడిపించిన కాలు

మా ఇబ్రహీంపట్నం వీధి చివరింటి చాచా పోయిన బుధవారం పొద్దున చనిపోయారు. పాల ప్యాకెట్ కోసం సాగర్ రోడ్డు దాటుతుంటే, ప్లాట్ల వెంచర్‌కు మట్టి తోలే టిప్పర్ గుద్దింది. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకాయన "టైమొచ్చింది, ఎవలేం జేస్తరు" అన్నాడు.

"టైమ్ రాలే అన్నా, టిప్పర్ వచ్చింది" అన్నాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

చాచా పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారు. మొదట్లో ఎదురుపడితే నవ్వడం తప్ప మాకు పరిచయం లేదు. నిరుడు మా చిన్న కుక్క చిట్టికి మోకాలి చిప్ప జారితే సిటీలో ఆపరేషన్ చేయించాను. ఆరు వారాలు దూకనివ్వొద్దన్నారు డాక్టర్. ఇంటికి తెచ్చిన రెండో రోజే, మూలుగుతోందని జాలిపడి సోఫా మీద నా పక్కన పడుకోబెట్టుకున్నాను. గేటు దగ్గర నుంచి చూసిన చాచా చెప్పులు విడిచి నేరుగా లోపలికొచ్చారు.

"ఏం బిడ్డా, డాక్టర్ కుట్టిండు, నువ్వు ఇప్పుతవా? అక్కడికెల్లి దుంకితే ఏమైతది?"

నాకు ఒళ్లు మండింది. ఆయన పట్టించుకోలేదు. మేం ముచ్చటపడి వేయించుకున్న నున్నటి టైల్స్‌ను కాలితో రుద్ది చూశారు. "మనిషే జారుతడు దీని మీద" అంటూ వెళ్లి, పాత గోనెసంచులు తెచ్చి గదంతా పరిచారు.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం వచ్చేవారు. చిట్టి పొట్ట కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని, వెనక కాళ్ల మీద బరువు పడకుండా వాకిట్లో నడిపించేవారు. ఆయనకే నడుము నొప్పి. వంగినప్పుడల్లా పళ్లు బిగించేవారు. నేను పట్టుకుంటానంటే, "నువ్వు జల్ది జల్ది నడుస్తవ్. ఫికర్ నీది, కాలు దానిది" అనేవారు.

మూడో వారంలో చిట్టి ఆ కాలును మొదటిసారి నేలకు ఆనించింది. చప్పట్లు కొట్టబోతే నా చేతులు పట్టుకుని ఆపారు. "సప్పుడు జెయ్యకు. సంబురానికి ఉరుకుతది." ఆ మాట అంటూనే కళ్లు తుడుచుకున్నారు.

ఒక చిన్న ప్రాణి అడుగు పడేదాకా అన్ని రోజులు ఆగిన మనిషి కోసం ఆ బండి ఒక్క క్షణం ఆగలేదు.

సాగర్ రోడ్డు మీద టిప్పర్లు తిరిగే ఆ మలుపులో, బండ్లు ఆపడానికి ఒక మనిషిని నిలబెట్టమని చాచా అంతకుముందే రెండుసార్లు వెంచర్ ఆఫీసుకు వెళ్లి అడిగారు. "నువ్వు గూడ రా బిడ్డా, ఇద్దరం అడిగితే వింటరు" అన్నారు. డ్యూటీ ఉందన్నాను. నా కోపంలో సగం నా మీదే.

ఆయన పోయిన మూడో రోజు నేనే వెళ్లాను. "అది కాంట్రాక్టర్ చూస్కోవాలె మేడమ్" అన్నాడు మేనేజర్, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

మర్నాడు పొద్దున చిట్టిని తీసుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్లాను. టిప్పర్ హారన్ కొడుతూ వచ్చింది. చేయి అడ్డం పెట్టి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. బ్రేకులు కీచుమన్నాయి.

"ఏందమ్మా, సస్తవా?" అని అరిచాడు డ్రైవర్.

"ఇది దాటినంక పో."

వెనక మరో మూడు టిప్పర్లు ఆగాయి. హారన్లు మోగుతూనే ఉన్నాయి. చిట్టి నాలుగు కాళ్లూ ఆనించి నడుస్తూ, మధ్యలో ఆగి, రోడ్డును వాసన చూసి, మళ్లీ తీరిగ్గా కదిలింది. నేను చేయి దించలేదు.