ముప్పై ఒకటి నుంచి తొంభై నాలుగు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ అనుమానాలమ్మ అంటారు. పందొమ్మిదేళ్లుగా అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఉతికి ఆరి వచ్చిన దుప్పటినైనా సరే, రెండుసార్లు దులపనిదే యంత్రం దగ్గరికి తేదు. వార్డుల నుంచి వచ్చే దుప్పట్ల మడతల్లో సూదులుంటాయి, కత్తెరలుంటాయి. ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ల వరస కూడా వచ్చింది.

"మీ అక్క మంచినీళ్లు కూడా దులిపే తాగుతుందమ్మా," అని ఆమె భర్త తన తమ్ముడి భార్యతో అంటుంటాడు. ఆ తోడికోడలూ ఈ లాండ్రీలోనే చేస్తుంది. మంచమంత పొడవుండే వేడి రోలరుకు ఈ చివర అనుమానాలమ్మ, ఆ చివర తోడికోడలు. దుప్పటి చెరో మూల పట్టుకుని, బిగించి లాగి, ఒక్కసారిగా రోలరు కిందికి వదలాలి. నాలుగేళ్లుగా ఆ ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకే క్షణంలో వదులుతున్నారు.

కిందటి నెల మూడు రోజులు శిక్షణ అన్నారు. మొదటిరోజు డ్యూటీ దిగుతుండగా గుమ్మం దగ్గర ఆపి, చేతికో ప్రశ్నపత్రం ఇచ్చారు. కూర్చోవడానికి కుర్చీల్లేవు. తడిబట్టల ట్రాలీల మీద పెట్టి, బస్సు పోతుందన్న కంగారులో రాశారు. మూడోరోజు మళ్లీ అదే ప్రశ్నపత్రం. ఈసారి ఫ్యాను కింద కుర్చీలు, టీ, బిస్కెట్లు. జవాబులు బోర్డు మీదే ఉన్నాయి. చెరపడం మరిచిపోయారు కాబోలనుకుని అందరూ సంబరంగా ఎక్కించేశారు. నిజంగా మరిచిపోయారా అని అనుమానాలమ్మకు అప్పుడే తోచింది. తోచినా ఆమె కూడా ఎక్కించింది. తక్కువ మార్కులొస్తే ఎవరిని ఏమంటారోనని భయం.

పది రోజులకు గోడ మీద నోటీసు పడింది. సగటు మార్కులు ముప్పై ఒకటి నుంచి తొంభై నాలుగుకు చేరాయట. నైపుణ్యం మూడింతలు పెరిగినందువల్ల వచ్చే నెల నుంచి యంత్రానికి ఒక్కరు చాలట. ఉన్నవి నాలుగు యంత్రాలు, ఎనిమిది మంది ఆడవాళ్లు. ఆఖరున చేరిన నలుగురూ ఇంటికి. ఆ నలుగురిలో తోడికోడలు ఉంది.

"పోతాలే అక్కా. నాలుగేళ్లే కదా నాది," అంది ఆ పిల్ల.

"ఉండవే. పందొమ్మిదేళ్లలో పెరగనిదాన్ని మూడు రోజుల్లో మూడింతలు ఎలా పెరిగాను?"

"టీ మహిమేమో."

"ఆ బిస్కెట్లు కూడా మెత్తబడిపోయినవేగా!"

మార్కులు పెరిగిన మాట అబద్ధం కాదు. కానీ అవి కొలిచింది పనిని కాదు, బోర్డు మీద రాతను. కొలిచేవాళ్లకు ఆ తేడా తెలియదనుకోవడం అమాయకత్వం. తెలియనట్టు ఉండటమే వాళ్లకు లాభం.

వారం తిరక్కుండా, శిక్షణ ఎంత పనిచేసిందో చూసే మేడమ్ వచ్చింది. వెంట సూపర్‌వైజరు.

"శిక్షణ మీకెంత ఉపయోగపడింది? ఒకటి నుంచి ఐదు లోపు అంకె చెప్పండి."

"చెప్తాను మేడమ్. ముందు నా మొదటి పేపరు చూపించండి."

"అవన్నీ ఆఫీసులో ఉంటాయమ్మా."

"మీ సంచిలోంచి తొంగి చూస్తున్నాయి కదండీ."

మేడమ్‌కు నవ్వాగలేదు. మొదటిరోజు పేపరుతో పాటు మూడోరోజుదీ తీసి ఇచ్చింది. ఆరో ప్రశ్న: దుప్పటితో పాటు చెయ్యి రోలరు కిందికి పోతే ఏం చేస్తారు? అనుమానాలమ్మ మొదటిరోజు రాసిన జవాబు: 'కేక వేస్తాను. నా తోడికోడలు ఎర్ర బటన్ నొక్కుతుంది.' దానికి సున్నా. మూడోరోజు బోర్డు చూసి రాసినది: 'ఎర్ర బటన్ నొక్కాలి.' దానికి ఐదు.

"మేడమ్, ఒక్క నిమిషం ఇక్కడ నిలబడండి."

"మేడమ్‌కు టైం లేదు," అన్నాడు సూపర్‌వైజరు.

"నా చెయ్యి కాలితే పట్టేంత టైం కాదులెండి సార్."

యంత్రం ఆపించింది. మేడమ్ చేతికి దుప్పటి మూల ఇచ్చి, వేడి తగలనంత దూరంలో రోలరు అంచు ముందు ఆ చేతిని పెట్టించింది. "ఇప్పుడు మీ చెయ్యి ఇరుక్కుందనుకోండి. బటన్ నొక్కండి."

బటన్ అవతలి చివర గోడకు ఉంది. మేడమ్ రెండో చెయ్యి చాచింది, వంగింది, కాలు కూడా చాచింది. ఇంకా రెండు మూరల దూరం ఉంది. ఆ బటన్ పక్కనే తోడికోడలు నిలబడి ఉంది.

మేడమ్ నెమ్మదిగా చెయ్యి తీసుకుంది. "నా ఫారంలో దీనికి గడి లేదు."

"వెనకంతా తెల్లగానే ఉంది."

మేడమ్ రాసింది. అనుమానాలమ్మ పక్కనే నిలబడి చదివింది. "బటన్ దూరమని సిబ్బంది అభిప్రాయపడ్డారు, అని రాశారేంటండీ? అభిప్రాయమేంటి? 'నాకు అందలేదు' అని రాయండి. అందనిది మీకే కదా."

మేడమ్ చెవుల దాకా ఎర్రబడింది. అయినా కొట్టేసి, అలాగే రాసింది.

నాలుగో రోజున పాత నోటీసు తీసి కొత్తది అంటించారు. ఎర్ర బటన్ ఇవతలి వైపు అమర్చేవరకు యంత్రానికి ఇద్దరూ కొనసాగుతారు. తోడికోడలు ఆమెను వాటేసుకుంది. "గెలిచావక్కా!"

"'అమర్చేవరకు' అన్నారు, చూశావా? ఒక వైరు, ఒక పూట పని. బటన్ ఇటు రాగానే నువ్వు బయటికి. మరి దుప్పటి రెండో మూల ఎవడు పట్టుకుంటాడు?"

ఆ పూట భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచింది. బటన్ రెండువైపులా కావాలి, మనిషి కూడా రెండువైపులా ఉండాలి అని రాసి, ఎనిమిది మంది చేత సంతకాలు పెట్టించి, దానికో నకలు కూడా రాసుకుంది.

"నోటీసు మార్చాం కదమ్మా, ఇంకా ఇదేంటి?" అన్నాడు సూపర్‌వైజరు విసుగ్గా. కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"మడవకండి సార్. అందినట్టు ఈ నకలు మీద రాసివ్వండి. తేదీతో సహా."

అతను ఎనిమిది ముఖాల వంకా చూశాడు. ఒక్కరూ కదల్లేదు. పెన్ను తీశాడు.