ఈరక్క కుక్క చెవి

బొటనవేలి గోరంత కుక్క చెవి కొనను ఏళ్ల తరబడి మనసులో మోస్తున్నాను. నవ్వుతారని తెలుసు. నన్ను చూస్తే నవ్వడం మా ఊళ్లో అందరికీ అలవాటే. పెళ్లిలో అలిగినవాణ్ని లేపాలన్నా, చావింట్లో మెతుకు గొంతు దిగనివాళ్లచేత నాలుగు ముద్దలు తినిపించాలన్నా నాకే కబురు వస్తుంది. ఏ విషయమైనా మరీ పెద్దదవుతోందనిపిస్తే దాని గాలి తీసేయడం నా పని. ఈ ఒక్కదాని గాలి తీయడం మాత్రం నాచేత కాలేదు. దీన్ని తమాషాగా మార్చి నాలో నేనే చెప్పుకుందామని ఎన్నోసార్లు చూశాను. మారలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది పావగడ తాలూకాలో తిరుమణి దగ్గర గొర్రెల మందలవాళ్ల ఇల్లు. అప్పటికి నాకు పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. లోయర్ సెకండరీ తప్పి ఇంటికి వస్తే మా నాయన మంద కావలికి పెట్టాడు, అక్కడ తప్పడానికి పరీక్షలేమీ ఉండవని. ఉంటాయని తోడేలు తెలియజేసింది.

మంద దగ్గర ఒకటే కుక్క ఉండేది. పేరు అమల్దారు. అది వస్తే అందరూ లేచి నిలబడేవాళ్లు, ఎందుకొచ్చిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు, అందుకని ఆ పేరు. అసలు అమల్దారు గారు, అంటే తాలూకా దొర, ఊళ్లో మకాం వేసినప్పుడు దాన్ని ఒట్టి "ఒరేయ్" అని పిలిచేవాళ్లం. అది ముసలిదైపోయింది. ఒక మధ్యాహ్నం నేను పక్క మందవాళ్లను నవ్విస్తూ కూర్చున్నాను. తోడేలు వచ్చి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. అమల్దారు లేచి చూసి, కొంచెం ముందుకు నడిచి, మళ్లీ కూర్చుంది. ఆ రోజు మా నాయన నన్ను తిట్టలేదు. సంగటి తింటూ మా అమ్మతో అన్నాడు: "మంద కాడికి ఇంగొక కుక్క కావాల. ఉండే రెండూ పనికి రావు."

ఆ రెండింటిలో ఒకటి నేను.

పావగడలో బందెల దొడ్డి ఉండేది. పరాయి చేలో పడిన పశువులను తోలుకొచ్చి కట్టేసే చోటు అది. ఆ ఏడు పేటలో పిచ్చికుక్క ఎవరినో కరిచిందని, దొరికిన కుక్కనల్లా పట్టి ఆ దొడ్డి వెనక కొట్టంలో వేస్తున్నారని తెలిసింది. అడిగినవాళ్లకు ఇస్తారు. అడిగే దిక్కు లేనివాటికి విషం పెడతారు. నేను వెళ్లాను.

కొట్టంలో ఒకటి కుంటిది, కొన్ని గజ్జి పట్టినవి, ఒకటి పడుచు నల్లకుక్క. ఆ నల్లదాన్ని తీసుకుని ఉంటే ఈ కాగితం ఖర్చయ్యేది కాదు. కావలివాడు తలుపు తీయగానే ఒక ఎర్ర కుక్క బయటికి వచ్చింది. అదే సమయానికి ఒక దూడ దొడ్డి గుమ్మం దాటబోతోంది. ఎర్ర కుక్క అరవలేదు, కరవలేదు. పోయి అడ్డంగా నిలబడింది. దూడ వెనక్కి తిరిగింది. మందలో పెరిగిన కుక్క తప్ప మరోటి అలా చేయదు. నాకిదే కావాలి అనుకున్నాను. అప్పుడు దాని చెవి చూశాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మావాళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో చెవి ఉంటుంది. అంటే, మందలో పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ ఎడమ చెవిన ఆ ఇంటి గుర్తు కోస్తారు. మందను కాసే కుక్కకూ అదే గుర్తు. మాది కొన తీసేసిన చెవి. ఒకరి గుర్తు మీద ఇంకొకరు కత్తి పెట్టరు. గుర్తున్న జీవం చేతికొస్తే ఆ ఇంటికి కబురు పంపాలి, లేదా తోలుకెళ్లి అప్పగించాలి. ఈ విషయం మీద మావాళ్లలో పంచాయితీ జరిగినట్టు నేను వినలేదు. భూమి కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా చెవి చూడగానే నోరు మూసుకుని గొర్రెను తిరిగి ఇచ్చేవాళ్లు.

ఎర్ర కుక్క చెవి కొన రెండుగా చీలి ఉంది. అది నాగలమడిక ఈరక్క ఇంటి చెవి. మొగుడు పోయినా గొర్రెలమ్మకుండా, ఏటి ఇసుక పక్కన ఒంటరిగా మేపుకుంటున్న మనిషి. ఆమెకు తోడు ఉన్నదల్లా ఆ కుక్కే. ఇదంతా నాకు తెలుసు. తెలియదని ఎప్పుడూ అనుకోలేదు, అనుకోవడానికి కూడా వీలు దొరకలేదు.

ఆమెకు అప్పగిద్దామనే తీసుకెళ్తున్నానని కొంతదూరం నమ్మాను. నాగలమడిక దారి వేరు. నేను నడుస్తున్నది తిరుమణి దారి. అది తెలిసినా కాళ్లు ఆగలేదు. మా నాయన ఆ చీలిక చూస్తే ఆ పూటే వెనక్కి పంపేస్తాడు, నేను మళ్లీ పనికిరాని రెండింటిలో ఒకణ్ని అవుతాను. ఒక కానుగ చెట్టు కింద కూర్చుని మొలలోంచి కత్తి తీశాను. చీలిక పోవాలంటే కొంచెం లోతుగా కోయాలి. చెవి పట్టుకున్నాను. అది కదల్లేదు. మనిషి చెవి పట్టుకుంటే కదలకూడదని దానికి ఎవరో నేర్పారు. ఎవరో ఏమిటి, ఈరక్కే నేర్పి ఉంటుంది.

కోసిన ముక్కను పొదలోకి విసిరేశాను. ఆకు పసరు పిండాను.

ఇంటికి వచ్చాక మా నాయన దాన్ని చుట్టూ తిరిగి చూశాడు. "గుర్తు కూడా పెట్టేసినావే. పరవాలేదు, బుద్ధి వచ్చినాది" అన్నాడు. నా జన్మలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట కోసమేనా ఇదంతా? అంతేనా నా వెల? అప్పట్లో మాత్రం ఇంకో రకంగా చెప్పుకున్నాను. నేను తేకపోతే అది విషం తిని చచ్చేది కదా, ఒక ప్రాణం కాపాడాను కదా అని. నిజమే. దొడ్డి గుమ్మం దాకా నేను చేసింది పుణ్యమే. ఆ తర్వాతిది దొంగతనం.

చెవి మానాక ఒక పొద్దున ఈరక్క వచ్చింది. సంతకు పొట్టేళ్లను తోలుకొచ్చినప్పుడు కుక్క తప్పిపోయిందట. ఏటి పక్క ఊళ్లన్నీ వెతికి, చివరికి దొడ్డి కావలివాడు చెబితే ఇంతదూరం నడిచి వచ్చింది. నేను ఇంటి ముందు ఒక్కణ్నే ఉన్నాను. వరసకు నాకు అత్త అవుతుంది. మజ్జిగ ఇచ్చాను.

"తిరుమణి తట్టు పిల్లోడు ఎర్రది తోలుకపోయినాడంట అల్లుడా. నువ్వేనా?"

"నేనే అత్తా. అదిగో, ఆడ పండుకోనుండాది."

పడుకున్నది లేచింది. తిన్నగా వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించింది.

"ఇది నన్ను గుర్తు పట్టినాది అల్లుడా."

"దానికి అందురూ గుర్తే అత్తా. మొన్న కందాయం వసూలుకొచ్చిన పటేలు కాళ్ల మీదా ఇట్లే పడినాది. మా ఇంట్లో ఎవురూ పడకపోతిరి, ఇదన్నా పడినాదని మా నాయన మొక్కుకున్నాడు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వంగి దాని ఎడమ చెవి పట్టుకుంది. అంచు పొడుగునా బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది. కుక్క కదల్లేదు.

"ఇది మీ చెవి" అంది.

"మాదే అత్తా."

"ఇంగొకరి గుర్తుంటే మీరు కత్తి పెట్టరు కదా. నాదానట్లే ఉండాది, అంతే. మీ చెవి మీద మాట పెడితే నా కండ్లు పోతాయి."

"ఉండే కండ్లే అంతంత మాత్రం కదత్తా" అన్నాను.

దానికీ నవ్వింది. పోతూ పోతూ కుక్క తల నిమిరి, "దీనికి సంగటి బాగా పెట్టు నాయనా. నాదానికి కూడా యాడో ఎవురో ఒకరు పెడతావుంటార్లే" అంది.

కుక్క ఆమె వెంట కొంతదూరం పోయింది. నేను ఈల వేశాను. నిలబడి అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చింది. ఈల ఎందుకు వేశాను? వేయకుండా ఊరుకుంటే చాలు, నేనేమీ చెప్పనక్కర్లేకుండానే అంతా సరిపోయేది. అది వెళ్లిపోయేది. ఆమె కాళ్ల మీద అది గడ్డం పెట్టినా చెవి మాటే నమ్మింది ఆ మనిషి. కుక్క అబద్ధం చెప్పవచ్చు కానీ మా ఇంటి చెవి చెప్పదు, ఆమె లెక్క అది.

ఆ ఎండాకాలం ఆమె మందలో తోడేళ్లు పడ్డాయి. సగానికి పైగా పోయాయి. మిగిలినవి అమ్ముకుని కూలికి పోవడం మొదలుపెట్టింది. ఉన్ని కత్తిరించే చోట ఈ మాట వచ్చింది. "కుక్క లేకపాయె, ఇంకేమవుతాది" అన్నారెవరో. అందరూ ఉసూరుమన్నారు. నేను, "తోడేలుకైనా ఏడాదికొక పండగ ఉండొద్దా?" అన్నాను. నవ్వారు. నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడేది కత్తి కాదు, ఆ నవ్వు.

కుక్క దిగులుతో నాగలమడిక వైపు చూస్తూ కూర్చునేదని చెప్పాలని ఉంది. కూర్చోలేదు. సంగటి తిని బలిసింది. అమల్దారును రెండుసార్లు కరిచింది. మా మందలోంచి మళ్లీ ఒక్క పిల్ల కూడా పోలేదు. పోయినేడు ముసలిదై, నీడలో పడుకుని చచ్చిపోయింది. దానికి నా మీద ఫిర్యాదేమీ లేదు. ఉండి ఉంటే బాగుండేది.

మొన్న చెనక్కాయలు పీకడానికి ఈరక్క మా చేనికి కూలికి వచ్చింది. మా చేనికి. ఇప్పుడు చూపు ఇంకా తగ్గింది. నా గొంతు విని, "అల్లుడా, ఏదన్నా చెప్పి నవ్వించప్పా, నడుము నొప్పి తెలీకుండా" అంది. ఈ రోజు చెప్పేద్దామని నోరు తెరిచాను. "అత్తా, ఆ కుక్క..." దాకా వచ్చింది. మా నాయన పక్క సాలులోనే ఉన్నాడు. ఈ మాట బయటపడితే మా ఇంటి చెవిని ఎవరూ నమ్మరు. మా ప్రతి గొర్రెనూ పట్టుకుని, మా కోత కింద ఎవరి గుర్తుందోనని తడిమి చూస్తారు. అది సాకా? సగం సాకే. మిగతా సగం భయం. ఆ కుక్క ఇంకోసారి పటేలును ఎలా హడలగొట్టిందో చెప్పాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడం లేదు. ఆ హక్కు మీది కాదు, ఆమెది. ఆమెకు ఎప్పుడు చెబుతానో, చెబుతానో లేదో కూడా నాకు తెలియదు.

ఆ ఎర్ర కుక్క ఈరక్కది. దాని చెవి కోసింది నేను.

రాశాక మళ్లీ చదివాను. ఇందులో నవ్వొచ్చేది ఏమీ లేదు. దేన్నీ కలపకుండా, ఉన్నదున్నట్టుగా దీన్ని బయట పెట్టడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.