కొసరుగా వచ్చిన మేకపిల్ల

మాది కిరాణా కొట్టు. నాకు నడక వచ్చింది బియ్యం బస్తాల మధ్య, మాట వచ్చింది బేరాల మధ్య. అలా పెరిగినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. వస్తువు సంచిలో పడ్డాక కూడా, పైన కాస్త కొసరు వేయించుకోనిదే చెయ్యి వెనక్కి రాదు. ఢిల్లీ సాకేత్‌లో ఏసీ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నా, మునిర్కాలో నా గది ఉన్న సందులోకి కూరల బండి వచ్చిందంటే నా గొంతు మా అమ్మ గొంతయిపోతుంది. "భయ్యా, కొత్తిమీర వెయ్యలేదు." నన్ను దూరం నుంచి చూడగానే ఆ బండివాడు కొత్తిమీర కోసం వెతుక్కోవడం మొదలుపెడతాడు.

కాబట్టి ఆ చలికాలం ఉదయం నేను మేడ దిగి ఇంటి ఓనరు ఆంటీ దగ్గరికి వెళ్లింది బేరానికేనని వేరే చెప్పక్కర్లేదు. నీళ్ల మోటారు ఇంకాసేపు వేయించాలని. మునిర్కా ఉత్త పల్లెగా ఉన్న రోజుల నుంచీ ఆంటీ వాళ్లది ఇక్కడే. పొలాలు పోయి మేడలు లేచినా, మెట్ల కింద మేకను మాత్రం ఆమె వదల్లేదు. ఆ మేక అప్పుడే ఈనింది. రెండు పిల్లలు. ఒకటి లేచి తల్లి పొదుగు కుమ్ముతోంది. రెండోది గోనె మీద తడిగుడ్డలా పడి ఉంది. తల్లి దాన్ని నాకడం మానేసి మొహం తిప్పుకుంది.

నేను మోటారు సంగతి ఎత్తాను. ఆంటీ తలెత్తలేదు.

"ఏదిచ్చినా పైన ఇంకొంచెం అడుగుతావు కదా బేటీ. ఇదిగో, ఇది పట్టుకో. బతికితే నీది."

"బతక్కపోతే?"

"అప్పుడూ నీదే. వాపసు లేదు."

నాతో అలా మాట్లాడి నెగ్గినవాళ్లు తక్కువ. పైగా ఆ రోజుకి అది నా బోణీ బేరం. బోణీ బేరం కాదనకూడదన్నది మా కొట్లో నియమం. గోనెతో సహా ఎత్తుకుని మెట్లెక్కాను. కందిపప్పు పొట్లం మోస్తున్నట్టుంది.

"ముందు వెచ్చబెట్టు, ఒళ్లు చల్లగా ఉండగా పాలు పొయ్యకు" అని ఆంటీ కింద నుంచి కేకేసింది. కుక్కరు వచ్చిన అట్టపెట్టెను హీటరు ముందుకు లాగి, పిల్లను అందులో పడుకోబెట్టి తువ్వాలుతో రుద్దాను. ఢిల్లీ చలికి మేకలూ స్వెటర్లు తొడుక్కుంటాయి. నా ఎర్ర స్వెటరు చెయ్యి కత్తిరించి, కాళ్లకి కన్నాలు పెట్టి తొడిగాను. సరోజినీ నగర్ బజార్‌లో అరపూట పోరాడి కొన్న స్వెటరు అది. కత్తెర పెడుతుంటే దాని ధర గుర్తు రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. ఆఫీసుకి 'ఒంట్లో బాగోలేదు' అని మెసేజ్ పెట్టాను. ఎవరి ఒంట్లోనో రాయలేదు.

నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలాక, ఆంటీ పిండిచ్చిన జున్నుపాలు సిరంజితో చుక్క చుక్క పోశాను. మింగింది. లేవలేదు.

మర్నాడు తల్లికి చేర్చబోతే మేక తన్నింది. నాలో కొట్టు మేల్కొంది. కదలని సరుకుని కదిలే సరుకులో కలిపి కట్టబెట్టడం మాకు వెన్నతో పెట్టిన విద్య. బలమైన పిల్లను తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలుతో దీన్ని రుద్ది, దాని వాసనతో దీన్ని తల్లి ముందు నిలబెట్టి పట్టుకున్నాను. మేక వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది, కల్తీ పట్టేసిన పాత ఖాతాదారులా. మళ్లీ తన్నింది, ఈసారి నన్ను.

ఆంటీ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "మేకక్కూడా టోపీ పెట్టబోయావా బేటీ?"

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. కొట్లో ఉంది.

"మేకపిల్లా? నీకెందుకే?"

"కొసరుగా వచ్చిందమ్మా."

"అయితే ఎంతుందో చూడకు. కొసరు తూకం వెయ్యరు" అని, అటు తిరిగి ఎవరితోనో, "ఆ బెల్లం గిల్లడం ఆపమ్మా, కొనేదాకా ఉండనీ" అంది.

దేవుడితో నా బేరం అప్పటికే నడుస్తోంది. మొదట హోలీ దాకా ఉంచమన్నాను. పిల్ల పాలు కక్కాక, పొగమంచు పోయేదాకా చాలన్నాను. చివరికి, ఒక్కసారి దాని కాళ్ల మీద అది లేచి తల్లి దగ్గర తాగితే చాలు, ఇంకేం అడగనన్నాను. నా అంతట నేను దిగివచ్చిన బేరం అదొక్కటే.

పొగమంచు విడిచి ఎండ కాసిన రోజు ఆంటీ మేకనూ బలమైన పిల్లనూ మేడ మీదికి తోలుకొచ్చింది. నేను నా పెట్టె తెచ్చి, నా పిల్లను ఎండలో దించాను. కాసేపు అలాగే పడి ఉంది. తర్వాత వెనక కాళ్లు లేచాయి. ముందు మోకాళ్ల మీద ఆగి, ఆలోచించుకుని, నిలబడింది. ఎర్ర స్వెటరులో వణుక్కుంటూ తల్లి వైపు నడిచింది. ఆంటీ మేక కొమ్ములు పట్టుకోబోయి ఆగిపోయింది. మేక తన్నలేదు. ఎటో చూస్తూ నిలబడింది. పిల్ల పొదుగు వెతుక్కుని, తోక ఆడిస్తూ తాగింది.

ఆ మధ్యాహ్నం నా పిల్ల నా ఒళ్లో ఎండకు పడుకునే ప్రాణం విడిచింది. నిద్రపోయిందనుకున్నాను. ఆంటీ వచ్చి ముట్టుకుని చూసి, నా పక్కన కూర్చుంది.

నన్ను మోసం చేశారనిపించింది. ఏడ్చాక లెక్క సరిగ్గా కనబడింది. బేరంలో అవతల ఉన్న దేవుడు మాట తప్పలేదు. నేను అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. నాకు రావలసింది కాదది, పైన వేసింది. కొసరు పెట్టినవాళ్లకి దండం పెడతాం గాని తగవు పడం.

ఇంటి వెనక ఖాళీ జాగాలో గొయ్యి తీశాం.

"స్వెటరు తీసెయ్యనా?" అంది ఆంటీ.

"వద్దాంటీ. చలి."

"అచ్ఛా. అయితే ఆ రెండో చెయ్యి నాకియ్యి. ఒంటిచేతి స్వెటరు నువ్వెలాగూ తొడుక్కోవు. మిగిలినదానికి వేద్దాం."

నా దగ్గరే నేర్చుకుని నా మీదే ప్రయోగించింది. ఇచ్చేశాను.

మర్నాడు కూరల బండివాడు అడక్కుండానే కొత్తిమీర వేశాడు.

"ఇంకో కట్ట ఇవ్వు భయ్యా. కొసరు కాదు, కొంటాను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "దీదీ, ఒంట్లో బాగుందా?"

"ఠీక్ హై" అన్నాను.

ఆ కట్ట తీసుకెళ్లి మెట్ల కింద మేక ముందు కూర్చున్నాను. పక్కన ఎర్ర స్వెటరు చెయ్యి తొడుక్కున్న బలమైన పిల్ల గెంతుతోంది. మేక మొదట అనుమానంగా వాసన చూసింది, పాత అనుభవం కదా. తర్వాత కాడలతో సహా తింది. ఖాళీ అరచేతిని గరుకు నాలుకతో ఒకసారి నాకి, తలెత్తి నా సంచి వైపు చూసింది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. బండి ఇంకా సందు దాటి ఉండదని, లేచి పరిగెత్తాను.