క్యాప్ మీద చెవిడొప్పలు

జర్మనీలో నా పరువు చాలాసార్లు పోయింది గానీ, పిస్తోలు మోతతో సహా పోయింది మాత్రం ఒక్కసారే. చెబుతాను, నవ్వుకోండి.

జీగెన్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ నేలమాళిగలో దొంగలు పడి సైకిళ్ళు ఎత్తుకుపోయారు. "భయపడకు, పిస్తోలు కొంటాను" అని మా ఆవిడ స్రవంతికి అభయమిచ్చేశాను. అప్పటికి నేను పేల్చినవన్నీ దీపావళి తుపాకీలో రీలు బిళ్ళలే.

పై అంతస్తులో బెకర్ గారని రిటైరైన రైలు డ్రైవరు ఉండేవారు. షూటింగ్ క్లబ్బు సభ్యులు. ఆయన దగ్గరికి వెళ్ళి, "ఇంటి కాపలాకి ఏ పిస్తోలు మంచిది? ఏ తూటాలు వాడాలి?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "దొంగల కోసమంటే ఇక్కడ లైసెన్సు ఇవ్వరు. ఇచ్చినా, గదిలో పేలిస్తే దొంగ సంగతేమో గానీ ముందు నీ చెవులు పోతాయి. శనివారం మీ ఇద్దరూ క్లబ్బుకి రండి, మోతంటే ఏమిటో తెలుస్తుంది."

వెళ్ళాం. చెవుల్లో పెట్టుకోవడానికి స్పాంజి బిరడాలు, వాటిపైన తగిలించుకోవడానికి డొప్పలు ఇచ్చారు. స్రవంతి జుంకాలు తీసి, జుట్టు వెనక్కి కట్టి, చెప్పినట్టే పెట్టుకుంది. నేనో! అమ్మ అల్లిన మంకీ క్యాప్ ఉండగా బిరడాలెందుకని వాటిని జేబులో వేసి, క్యాప్ మీదే డొప్పలు తగిలించాను. ఆ ఉన్ని మీద అవి సరిగా ఆనలేదు.

పక్క వరుసలో ఒక భారీకాయుడు పెద్ద పిస్తోలు పేల్చాడు. ఢాం! నేను కూలబడ్డానో, నేలే పైకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. చెవుల్లో కుక్కర్ ఆగకుండా కూత పెట్టింది.

బెకర్ గారు తల పట్టుకుని, మమ్మల్ని పక్కగదిలో కూర్చోబెట్టి ఏదో అడిగారు. పెదవులు కదిలాయి. కాఫీ అనుకుని "యా" అన్నాను. మళ్ళీ కదిలాయి. పాలు కాబోలు, "యా!" ఇంకోసారి. చక్కెర, "యా, యా!" గదిలో ఉన్న క్లబ్బువాళ్ళందరూ లేచి నా భుజం తట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, అందులో పాలూ చక్కెరా కలుపుకుని తాగబోయిన ఘనుణ్ణి నేనే.

కూత తగ్గాక బస్టాపులో స్రవంతి అడిగింది. "మీరు దేనికి యా అన్నరో ఎరుకేనా?"

"కాఫీకి."

"క్లబ్బోళ్ళ ఎండాకాలం పండుగల స్టేజీ మీద పాడుతరా అన్నడు. ఇండియా పాటనా అన్నడు. ఒక్కరేనా అన్నడు."

"మరి నువ్వు ఆపొద్దా?"

"ముసలాయన గంత మురిసిపోతుంటే ఎట్ల ఆపాలె?"

పండుగ రానే వచ్చింది. స్టేజీ ఎక్కగానే నాకొచ్చిన పాటలన్నీ ఎగిరిపోయాయి. నోట్లోంచి వచ్చింది ఎక్కాలు! "రెండొకట్ల రెండు... రెండ్రెళ్ళు నాలుగు..." రాగం తీశాను. నాలుగో ఎక్కానికి వరంగల్‌లో మా బడి వరండా, చేతులు కట్టుకుని అరిచే మా క్లాసు పిల్లలూ కళ్ళముందుకొస్తే, నేనూ చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని అందుకున్నాను. దిగేసరికి బెకర్ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు.

"సొంతూరు గుర్తుచేసే పాట కదూ?"

"అవునండీ." అబద్ధమూ కాదు.

ఇప్పుడాయన బ్రెమెన్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఏటా ఆయన పుట్టినరోజుకి నేను ఫోన్ చేస్తే, "ఆ పాటలో తర్వాతి చరణం పాడు" అంటారు. పన్నెండో ఎక్కం దాకా వచ్చాం.

కనుక మహాజనులారా, ఇదే నా ప్రతిజ్ఞ: ఇకపై క్యాప్ మీద డొప్పలు పెట్టను, వినబడని మాటకు ఔననను, ఆయన వచ్చే పుట్టినరోజులోగా పదమూడో ఎక్కం నేర్చుకుంటాను. అది బడిలో కూడా నాకు రాలేదు.